మైకుకు వినబడింది

కోరా విన్‌స్టెడ్ మొదటి ఆల్బమ్‌లోని మూడో పాటను లెవి ఎన్నివేల సార్లు విన్నాడో అతనికే తెలియదు. పాట మొత్తం కాదు. నలభై ఏడో సెకను నుంచి అరవై తొమ్మిదో సెకను దాకా, ఇరవై రెండు సెకన్లు. ముందు పియానో, దాని వెనకాల డ్రమ్ము మీద బ్రష్ రాసుకున్న చప్పుడు, తర్వాత అన్నీ ఆగిపోయి ఆ అమ్మాయి గొంతు ఒక్కటీ. రెండో చరణం ఎత్తుకునే ముందు ఆమె చిన్నగా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరి సరిగ్గా పాడే మనిషి నోటి దగ్గర వినబడితే స్పీకర్లు బాగున్నట్టు. అద్దం మీదో, కాళ్ళ దగ్గరో వినబడితే బాగాలేనట్టు.

కోరాది ఇంగ్లండు. పందొమ్మిదేళ్ళ వయసులో ఆ ఆల్బమ్ చేసింది. అట్ట మీద ఆమె పేరు తప్ప ఇంకే పేరూ లేదు. చర్చి పాటల్లో పుట్టి, చర్చి గడప దాటి పోయిన సోల్ సంగీతం అది. నరసాపురంలో చిన్నప్పటినుంచీ చర్చిలో హార్మోనియం వాయించి, ఇప్పుడు అమెరికాలో ఒక తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తున్న లెవికి మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. అందుకే రెండేళ్ళ క్రితం తన పరీక్షలకు ఆ పాటను ఎంచుకున్నాడు. ఎంచుకున్న నెలకల్లా అది పాట కాకుండా పోయింది. కొలబద్ద అయిపోయింది.

నోవై ఊళ్ళో ఫ్రీవే పక్కన లెవి పనిచేసే కంపెనీ కార్లకు స్పీకర్లు చేసి ఇస్తుంది. బజారులోకి రాబోయే మోడల్ కారును గోడలనిండా నురుగు మెత్తలు అతికించిన గదిలో పెడతారు. లెవి అందులో డ్రైవర్ సీట్లో కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, ఏ స్పీకర్ ఎంత పలకాలో చెవితో విని సరిచేస్తాడు. పద్నాలుగేళ్ళుగా అదే పని, అందులో ఎనిమిదేళ్ళు అమెరికాలో. కిందటి ఏడాది కార్ల కంపెనీలు కుప్పకూలినప్పుడు డిపార్ట్‌మెంట్‌లోని పదకొండు మందిలో ముగ్గురు మిగిలారు. మేనేజర్ చక్రధర్, లెవి, చేరి రెండేళ్ళయిన అలేఖ్య. పోయినవాళ్ళ పని మాత్రం ఎక్కడికీ పోలేదు. తెల్లవారకముందే మంచు గీకి కారు తీయడం, చీకటి పడ్డాక మళ్ళీ మంచు గీకి కారు తీయడం. నలభై ఆరేళ్ళకే లెవికి మెట్లెక్కుతుంటే రెయిలింగ్ పట్టుకోవాలనిపిస్తోంది.

2010 జనవరి రెండో వారంలో, కొత్త మోడల్ కారులో కూర్చుని ఆ పాట పెడితే కోరా ఊపిరి వినబడలేదు.

కుడివైపు చిన్న స్పీకర్ పాడయిందేమోనని మార్పించాడు. తీగలు చూశాడు. పైస్థాయి శబ్దాన్ని ఒక మెట్టు పెంచాడు, ఇంకో మెట్టు పెంచాడు. నాలుగు రోజులు ఆ కారుతోనే గడిచాయి. శుక్రవారం అలేఖ్య వచ్చి పక్క సీట్లో కూర్చుంది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, ఈ పని మీద ఇష్టంతో వచ్చిన పిల్ల. పాట మొదలైన మూడు సెకన్లకే మొహం చిట్లించి చెవులు మూసుకుంది.

"సార్, గింత షార్ప్ ఉందేంది? సూదులు గుచ్చినట్టు అనిపిస్తుంది!"

"నీకు అలవాటు లేదులే. ఊపిరి వినబడిందా?"

"ఊపిరా? పిల్ల పక్కనే నిలబడి బుస కొట్టినట్టుంది సార్."

లెవికి కోపం వచ్చింది. "సరే, నువ్వెళ్ళి నీ రిపోర్ట్ చూసుకో," అన్నాడు. ఆమె నొచ్చుకుని వెళ్ళిపోయింది.

అందరూ లంచ్‌కి వెళ్ళాక అతను కొలిచే మైకు తెచ్చి, స్టాండ్ మీద తన తల ఉండే చోట నిలబెట్టాడు. పాట పెట్టాడు. తెర మీద గీత లేచింది, పడింది, గొంతు ఆగిన చోట అడుగంటింది. తర్వాత, రెండో చరణానికి ముందు, పైస్థాయి శబ్దాలు చూపే కుడివైపున గడ్డిపరకల్లా సన్నటి గీతలు గుంపుగా లేచాయి. మూడుసార్లు పెట్టి చూశాడు. మూడుసార్లూ లేచాయి.

మైకుకు వినబడింది. తనకు వినబడలేదు.

ఇంట్లో మైక్రోవేవ్ కూత పెట్టడం లేదేమిటని తను అడిగితే కూతురు ఫెబీ విచిత్రంగా చూడటం గుర్తొచ్చింది. ఫెబీ నోట్లో నోట్లో గొణుగుతోందని తను రోజూ కసరడం గుర్తొచ్చింది. పిల్ల గొణగలేదు.

ఇంట్లో చెప్పకుండా పక్క ఊరు ఫార్మింగ్‌టన్‌లో చెవి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చివర్లో నొక్కడానికి ఏమీ లేకపోయింది. పైస్థాయి శబ్దాలు రెండు చెవుల్లోనూ తగ్గాయనీ, కుడివైపు మరీ ఎక్కువనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టరమ్మ చెప్పింది. హియరింగ్ ఎయిడ్ మాటలకు పనికొస్తుంది. అతను చేసే పనికి పనికిరాదు.

సోమవారం నుంచి అతను ఒక పద్ధతి పెట్టుకున్నాడు. "అలేఖ్యా, రా, కూర్చో. నీకు ఎలా వినబడుతోందో చెప్పు," అనేవాడు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని చెప్పేది. ఇక్కడ గరుకు ఉంది, అక్కడ గొంతు వెనక్కి పోయింది, ఊపిరి ఎడమకు జరిగింది. ఆమె చెప్పినట్టు అతను మార్చేవాడు. ఎలా మార్చాలో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఏది మార్చాలో ఆమె చెప్పాలి. సాయంత్రం రిపోర్ట్ రాసి కింద తన పేరు పెట్టేవాడు. అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. అడగనిది చెప్పడం లేదు, అంతే అనుకున్నాడు.

భయం అతనికి వీసా గురించి. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి ఒక్క రోజు కూడా గడువు లేదు. గ్రీన్‌కార్డు లైన్‌లో ఐదేళ్ళుగా నిలబడి ఉన్నాడు. ఫెబీ పదో తరగతి. భార్య దెబోరా ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో చేసే ఉద్యోగం కూడా ఆ కాగితాల మీదే ఆధారపడి ఉంది. ఎవరికి చెప్పినా ఇవన్నీ ఒక్కసారి కదులుతాయి. అందుకని మింగలేక కక్కలేక ఆరు వారాలు గడిపాడు. పగలంతా మనుషుల పెదవుల వంక చూసి మాటలు పోల్చుకోవడంతో సాయంత్రానికి తల దిమ్మెక్కేది. అన్నం ముందు కూర్చునే కునికిపాట్లు పడేవాడు.

ఫిబ్రవరి నెలాఖరులో కార్ల కంపెనీ వాళ్ళు వచ్చి కారులో కూర్చుని విన్నారు. చాలా బాగుందన్నారు. ఆ సాయంత్రం చక్రధర్ లెవిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉన్న మనిషి. కిందటేడాది ఎనిమిది మందిని తన నోటితోనే పంపాక జుట్టు తెల్లబడింది.

"కూర్చో లెవీ. నీ ట్యూనింగ్ వాళ్ళకి తెగ నచ్చింది. అది గుడ్ న్యూస్."

"ఇంకోటి ఏంటండీ?"

"ఇద్దరినీ ఉంచుకోలేను. పైనుంచి ఆర్డర్ వచ్చింది, హెడ్‌కౌంట్ ఒకటి తగ్గించాలి. సీనియర్ చెవులు ఉండగా జూనియర్ ఎందుకంటారు వాళ్ళు. అలేఖ్యకి మంగళవారం చెప్తాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచుకో."

లెవి నోరు తెరిచాడు. "ఆ అమ్మాయి బాగా పనిచేస్తుందండీ," అన్నాడు.

"నాకు తెలీదా? కానీ ఏం చేస్తాం." చక్రధర్ కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఇంటికెళ్ళు, మంచు పడుతోంది."

బయటికొచ్చేసరికి అలేఖ్య కోటు తొడుక్కుంటోంది. "సార్, కస్టమర్‌కి నచ్చిందట కదా! కంగ్రాచులేషన్స్," అంది. అతను తలూపాడు.

దెబోరా కారు మెకానిక్ దగ్గర ఉండటంతో ఆ రోజు ఆమెను క్లినిక్ నుంచి తనే తీసుకురావాలి. ఆమె వచ్చి కూర్చుని, బూట్లకంటిన మంచు దులుపుకుని, "ఆ పేషెంట్ ముసలాయన్ని ఇవాళ రెండుసార్లు నిలబెట్టానండీ, నా నడుం పోయింది," అంటూ సీటు వెనక్కి వాల్చింది. మెయిన్ రోడ్డెక్కిన పది నిమిషాలకే ముందు ఎక్కడో ట్రక్కు అడ్డం తిరిగి దారి మూసుకుపోయింది. ఎర్ర లైట్ల వరస కనుచూపు మేర ఆగిపోయింది. వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి.

"ఏదన్నా పెట్టండి, ఈ వైపర్ల చప్పుడు వినలేను," అని ఆమే ప్లేయర్ బటన్ నొక్కింది. అందులో ఉన్నది కోరా డిస్కు. ఒకటో పాట మొదలైంది.

లెవికి ఆ పాట తెలియదు. రెండో పాటా తెలియదు. మూడోది వచ్చినప్పుడు, తనకు ప్రాణం విసిగిన ఆ ఇరవై రెండు సెకన్లు వచ్చి, ఆగకుండా వెళ్ళిపోయి, వాటి తర్వాత పాట ఇంకా చాలా ఉందని తెలిసింది. రాత్రి డ్యూటీ చేసి తెల్లారి ఇంటికొచ్చిన తల్లికి, లైటు వేయకమ్మా, ఇంకాసేపు చీకట్లోనే ఉందాం అని చెప్పే కూతురి పాట అది. రెండేళ్ళుగా వింటున్నాడు, ఎవరి గురించో ఏనాడూ అనుకోలేదు. కొన్ని మాటలు ఇప్పుడూ అందలేదు. అందని చోట గొంతు మాత్రం బరువుగా, వెచ్చగా, కిందిస్థాయిలో నిండుగా వినబడుతూనే ఉంది.

పన్నెండు పాటలు, నలభై ఒక్క నిమిషాలు. కార్లు రెండు బారలు కూడా కదలలేదు. చివరి పాటకు వాయిద్యాలు లేవు. ఎక్కడో మెట్ల మీద కూర్చుని పాడినట్టు ఒక్క గొంతే. అది ఆగాక దెబోరా వాల్చిన సీటు పైకి లేపింది.

"ఎంతండీ ఈ పిల్లకి వయసు?"

"పందొమ్మిది. ఇది చేసినప్పుడు."

"పందొమ్మిదేళ్ళకి ఇంత అలిసిపోయి పాడిందేంటండీ! మా క్లినిక్‌లో నైట్ షిఫ్ట్ దిగే ఆడవాళ్ళ మొహాలు కళ్ళకి కట్టాయి." పర్సులోంచి టిష్యూ తీసుకుని ముక్కు తుడుచుకుంది. "ఆఖరి పాటలో అమ్మాయి చిటికెలతో తాళం వేస్తోంది చూశారా, మెల్లగా, టక్ టక్ అని?"

"లేదు," అన్నాడు లెవి. తర్వాత అన్నాడు, "నాకు వినబడలేదు దెబోరా. పైశబ్దాలేవీ వినబడటం లేదు. జనవరి నుంచి. అంతకుముందు నుంచే అయ్యుంటుంది."

దెబోరా అతని వైపు తిరిగింది. "క్రిస్మస్ నుంచీ అనుకుంటున్నాను. చర్చిలో కోరస్ పాడేటప్పుడు నేను ఆపినా మీరు వాయిస్తూనే ఉంటున్నారు. జలుబేమోలే అనుకున్నాను. డాక్టర్‌కి చూపించుకున్నారా?"

అంతా చెప్పాడు. గాజు గది, అలేఖ్య, రిపోర్టులు, చక్రధర్ మూసిన తలుపు. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆరు వారాలు మోసిన బరువు అంత చిన్నదిగా వినిపించేసరికి అతనికే సిగ్గేసింది.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"మంగళవారం పంపేస్తారా?"

"ఆఁ."

ఆమె కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరి చేత్తో తుడిచింది. "ఫెబీ స్కూలు, నా ఉద్యోగం, అన్నీ ఉన్నాయండీ. నాకు భయం లేదని అనను. చెప్పమనీ అనలేను, మానమనీ అనలేను." మళ్ళీ తనే అంది: "కానీ ఆ అమ్మాయి సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాక, ఆ కారులో మీరొక్కరే కూర్చుని ఏం వింటారు?"

ముందున్న కారు కదిలింది.

సోమవారం పొద్దున్నే చక్రధర్ గదికి వెళ్ళి, డాక్టరిచ్చిన కాగితం బల్ల మీద పెట్టాడు. "కస్టమర్ విన్నది నా ట్యూనింగ్ కాదండీ. విని చేయించింది అలేఖ్య. నేను మీటలు తిప్పాను, అంతే."

చక్రధర్ కాగితం చదివి, బోర్లించి పెట్టి, "ఎందుకు చెప్పావయ్యా నాకు?" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఓపిక లేదు. "మంగళవారం అయిపోయేది. ఇప్పుడు నేను ఎవర్ని పంపాలి?"

"నన్నే పంపండి."

"నీ మొహం. ఈ జనవరిలోనే చెప్తే ఏదో చేసేవాణ్ణి కదా. రిపోర్టుల మీద సంతకాలు ఎవరివి?"

"నావే."

"అది రాసి ఇవ్వాలి నువ్వు, తెలుసా?"

"రాస్తాను."

వారం రోజులు ఏ సంగతీ తేలలేదు. ఆ వారంలోనే అలేఖ్యకు విషయం తెలిసింది. లెవే చెప్పాడు, నురుగు గదిలో, కారు పక్కన నిలబడి. తను చెప్పింది విని ఆ అమ్మాయి సంతోషిస్తుందని అతను ఆశించలేదు గానీ, ఏడుస్తుందని కూడా అనుకోలేదు.

"మీరు నాకు నేర్పిస్తున్నరనుకున్న సార్. రోజూ కూర్చోబెట్టి అడుగుతుంటే, నా మీద గంత నమ్మకం పెట్టుకున్నరని మా నాయినకి ఫోన్ చేసి చెప్పిన. నన్ను అడగకుంటనే నా చెవులు వాడుకున్నరు."

"తప్పే అలేఖ్యా."

"అడిగితే నేను వద్దంటుంటినా? ఒక్కమాట అడిగితే అయిపోతుండె." కళ్ళు తుడుచుకుని ఆమె కారులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అతను బయటే నిలబడ్డాడు.

చివరికి చక్రధర్ పైవాళ్ళతో ఏం మాట్లాడాడో తెలియదు గానీ, అలేఖ్య ఉద్యోగం నిలిచింది. సంతకాల విషయంలో లెవికి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. పక్క బిల్డింగ్‌లో డోర్లు, డాష్‌బోర్డులు అదిరి చప్పుడు చేయకుండా పరీక్షించే సెక్షన్‌లో ఒక మనిషి రిటైర్ అయ్యాడు. అక్కడ చెవులక్కర్లేదు, గీతలు చదవడం వస్తే చాలు. గ్రేడ్ ఒకటి తక్కువ. ఉద్యోగం పేరు మారింది కాబట్టి గ్రీన్‌కార్డు కాగితాలన్నీ మొదటినుంచి మళ్ళీ పెట్టాలన్నాడు లాయరు. లైన్‌లో పాత తేదీ మాత్రం పోదన్నాడు. దెబోరా ఆ మాట విని, "తేదీ అన్నా మిగిలింది," అని పొయ్యి మీంచి చారు దించింది.

చర్చిలో కీబోర్డు ఫెబీకి అప్పగించాడు. మొదటి ఆదివారం పిల్ల రెండుచోట్ల తప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. లెవి మూడో వరసలో, మగవాళ్ళ వైపు కూర్చుని పాడాడు. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్న కొత్తలో పాటల పుస్తకాల పేజీలు తిప్పే చప్పుడు వాన పడుతున్నట్టుండేది. అరగంటకే తలనొప్పి వచ్చి తీసి జేబులో వేసుకునేవాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అలేఖ్య పక్క బిల్డింగ్‌కి వచ్చింది. అప్పటికి ఆరేడు వారాలుగా ఇద్దరి మధ్యా మెయిళ్ళు తప్ప మాటల్లేవు. అతని బల్ల పక్కన నిలబడి, "లెవిగారూ, ఒకసారి వస్తరా? ఎడమ డోర్‌లో ఏదో గరగర వస్తుంది. నాకు వినబడుతుంది, ఎక్కడో తెలుస్తలేదు," అంది. ఎప్పుడూ సార్ అనే పిల్ల. ఆ పిలుపులో కాస్త దూరం ఉంది. దాన్ని అతను కాదనలేదు.

అదురు పసిగట్టే చిన్న సెన్సర్లు నాలుగు తీసుకుని వెనకే వెళ్ళాడు. ఆమె సీట్లో కూర్చుంది. అతను డోరు పక్కన నేల మీద చతికిలబడి, సెన్సర్లు ఒక్కోచోట అతికిస్తూ లాప్‌టాప్‌లో గీత చూశాడు. ఆమె ఏదో కొత్త పాట పెట్టింది, మగగొంతు, అతనెప్పుడూ విననిది.

"ఇప్పుడు?"

"వస్తుంది."

"ఇప్పుడు?"

"తగ్గింది. కానీ ఉంది."

గంటన్నర పట్టింది. పానెల్ ఊడదీస్తే లోపల ఒక ప్లాస్టిక్ క్లిప్పు సగమే బిగించి ఉంది. లెవి బొటనవేలితో నొక్కాడు. అది కూర్చున్నట్టు వేలికి తెలిసింది. అలేఖ్య పాట మళ్ళీ పెట్టి, కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "పోయింది," అంది.

మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి అతను లేవబోతే లేవలేకపోయాడు. ఆమె సీట్లోంచే చెయ్యి అందించింది. పట్టుకుని లేచాడు. సెన్సర్లు ఊడదీసి డబ్బాలో సర్దుకుని, రిపోర్ట్‌లో ఏం రాయాలో ఇద్దరూ అక్కడే నిలబడి మాట్లాడుకున్నారు. కింద ఇద్దరి పేర్లూ పెట్టమని అలేఖ్యే అంది. ఐదవుతోంది. పార్కింగ్ లాట్‌లో మంచు మురికిగా కరిగి పారుతోంది. లెవి కారు వేడెక్కేదాకా కూడా ఆగకుండా ఇంటికి బయల్దేరాడు. ఫెబీ బడినుంచి వచ్చి ఉంటుంది, అన్నం ఇవాళ తనే వండాలి.